అరువు చేతులు

పాముకాటుకిచ్చే మందులో పిల్లల డోసు, పెద్దల డోసు అని రెండు ఉండవు. జ్వరం సిరప్ మొదలుకొని యాంటీబయాటిక్ దాకా ఏది రాసినా ముందు పిల్లవాడిని తూకం వేస్తాం, కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క కడతాం. ఏఎస్‌వీ అని ఆసుపత్రుల్లో పొట్టిగా పిలుచుకునే పాము విషం విరుగుడుకు ఆ లెక్క పనికిరాదు. ఆరేళ్ల పాపకైనా అరవై ఏళ్ల రైతుకైనా మొదటి విడతలో ఎక్కించేది 8 నుంచి 10 వయల్స్. చిన్నా పెద్దా చూసి పాము విషం తగ్గించి వదలదు కదా. ఆ మందుకు పని మనిషితో కాదు, అతని ఒంట్లో దిగిన విషంతో.

కృష్ణా డెల్టాలో నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో రాత్రి డ్యూటీలు చేసిన ఏ డాక్టరుకైనా ఈ సంగతి కంఠతా వచ్చేస్తుంది. నాకూ అలాగే వచ్చింది. దాని లోతు మాత్రం నెమ్మదిగా తెలిసింది. ఆ మందులో పనిచేసేది యాంటీబాడీ. అది దేన్ని గుర్తుపడుతుంది, ఆ గుర్తుపట్టడమంటే అసలేమిటి, గుర్తుపట్టాక ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నవి చదువుకునే రోజుల్లో పరీక్షకు రాసి వదిలేసిన సంగతులు. మంచం పక్కన స్టాండుకు వేలాడే సీసా చూస్తూ గంటల తరబడి కూర్చోవలసి వచ్చినప్పుడే వాటి మీద మనసు నిలిచింది.

ముందు లెక్క చూడండి. మన దేశంలో తయారయ్యే ఏఎస్‌వీ ఒక్కో మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని, అంతే రక్తపింజర విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల చొప్పున కట్లపాము, చిన్నపింజర విషాలను నిర్వీర్యం చేయాలన్నది ప్రమాణం. వయల్‌కు 10 మిల్లీలీటర్లు. అంటే ఒక వయల్ 6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని పట్టుకోగలదు. రక్తపింజర ఒక కాటులో దింపేది సగటున 63 మిల్లీగ్రాములు. పది వయల్స్ అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. ఇంత విషానికి ఇన్ని యాంటీబాడీలు, ఎదురెదురుగా. ఒక్క యాంటీబాడీ ఒకదాన్ని వదిలి ఇంకోదాని వెంట పడుతూ వందల విషపు అణువుల పని పట్టదు. పట్టుకున్నదాన్ని పట్టుకుని ఉంటుంది. అంతే దాని పని.

ఆ పట్టుకోవడం తప్ప ఇంకేమీ చేయదని నాకు నమ్మకంగా చెప్పింది ఒక గాజు గొట్టం. రక్తపింజర విషం రక్తంలోని గడ్డకట్టే పదార్థాలను అదేపనిగా ఖర్చు చేయించేస్తుంది. రోగి నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తాం. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం ఎక్కినట్టు. మందు ఎక్కించిన వెంటనే మళ్లీ చూస్తే ఉపయోగం లేదు. ఆరు గంటలు ఆగి చూడాలి. ఎందుకంటే ఏఎస్‌వీ రక్తాన్ని గడ్డకట్టించదు. అది విషాన్ని అడ్డు తొలగిస్తుంది, అంతవరకే. ఖర్చయిపోయిన పదార్థాలను మళ్లీ తయారుచేయాల్సింది రోగి కాలేయం. దానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఇంటివాళ్లు "ఇంకా రక్తం కారుతూనే ఉంది డాక్టరు గారూ, మందు పనిచేయట్లేదా?" అని అడుగుతారు. మందు తన పని ఎప్పుడో చేసేసి ఉంటుంది. మిగతాది శరీరమే చేసుకోవాలి.

ఆ వయల్‌లో ఉన్నది గుర్రం యాంటీబాడీలు. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అతి కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, నెలల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతూ నాలుగు రకాల పాముల విషం ఎక్కిస్తారు. దాని రక్తంలో యాంటీబాడీలు బాగా పెరిగాక రక్తం తీసి, ప్లాస్మా వేరు చేసి, ఎర్రకణాలను తిరిగి దానికే ఎక్కిస్తారు. ఈ విషంలో అధిక భాగం తమిళనాడులోని మామల్లపురం దగ్గర ఇరుళ తెగవారు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తుంది. వాళ్లు పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఒక జీవి ఒంట్లో తయారైన రక్షణను ఇంకో జీవికి ఎక్కించవచ్చని 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, కితసాతో షిబసబురో అనే ఇద్దరు చూపించారు. వాళ్లు చేసింది ధనుర్వాతం, కంఠసర్పి విషాల మీద. తర్వాత నాలుగేళ్లకు ఫ్రాన్స్‌లో ఆల్బేర్ కాల్మెట్ అదే పద్ధతిని నాగుపాము విషానికి వర్తింపజేశాడు. ఆయనకు ఆ ఆలోచన కలిగింది అంతకుముందు వియత్నాంలో పనిచేస్తున్నప్పుడు. వరదకు నాగులు ఊళ్లోకి వచ్చి జనాన్ని కరిచాయట. దివిసీమ ఎరిగినవాళ్లెవరికైనా ఆ దృశ్యం కొత్తదేమీ కాదు.

యాంటీబాడీ ఎలా ఉంటుందో తెలియడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. ఇందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. 1959లో ఇంగ్లండ్‌లో రాడ్నీ పోర్టర్ యాంటీబాడీని ముక్కలు చేయడానికి వాడిన ఎంజైము పెపెయిన్, అంటే బొప్పాయి పాలలో ఉండేది. మాంసం త్వరగా ఉడకడానికి మన ఇళ్లలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తారే, ఆ పని చేసేది అదే. దానితో కోస్తే యాంటీబాడీ సరిగ్గా మూడు ముక్కలైంది. రెండు ముక్కలు ఒకేలా ఉండి, యాంటీబాడీ పట్టుకునే పదార్థమైన యాంటిజెన్‌ను పట్టుకున్నాయి. మూడోది దేన్నీ పట్టుకోలేదు. అమెరికాలో జెరాల్డ్ ఎడెల్‌మన్ అదే కాలంలో ఆ అణువు గొలుసులను విడదీశాడు. ఇద్దరి పనినీ కలిపి చూస్తే బొమ్మ తేలింది: రెండు చేతులు, ఒక తోక. చేతులు పట్టుకోవడానికి. తోక కబురు పెట్టడానికి, అంటే తెల్లకణాలను పిలవడానికి, సూక్ష్మజీవి గోడకు చిల్లులు పొడిచే ప్రొటీన్లను కదిలించడానికి. 1972లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

మన ఏఎస్‌వీలో ఆ తోక ఉండదు. పెప్సిన్ అనే మరో ఎంజైముతో దాన్ని తీసేస్తారు. మనిషి ఒంట్లో గుర్రం తోక కబుర్లు పెట్టడం మొదలుపెడితే మేలు కంటే కీడే ఎక్కువ. విషపు అణువు సూక్ష్మజీవిలా బతికున్నది కాదు, దాన్ని చంపనక్కర్లేదు. అది వెళ్లి అతుక్కోవాల్సిన చోటికి వెళ్లకుండా కప్పి ఉంచితే చాలు. కాబట్టి మనం రోగికి ఎక్కించేది అక్షరాలా చేతులే.

ఆ చేతి చివర యాంటిజెన్‌తో కలిసే చోటు చాలా చిన్నది. విషపు ప్రొటీన్ మొత్తాన్ని యాంటీబాడీ చూడదు. దాని ఉపరితలం మీద పదిహేను, ఇరవై అమైనో ఆమ్లాలంత మేర మాత్రమే తాకుతుంది. అక్కడ గుంట ఉంటే ఇక్కడ మిట్ట ఉండాలి. అక్కడ రుణావేశం ఉంటే ఇక్కడ ధనావేశం ఉండాలి. రెండూ చేరువైనప్పుడు మధ్యలో నీళ్లకు చోటు లేకుండా పోవాలి. గట్టి రసాయన బంధం ఒక్కటీ ఉండదు. విడివిడిగా చూస్తే ప్రతి ఆకర్షణా బలహీనమే, అన్నీ ఒకేసారి కుదిరితే మాత్రం ఊడదు. ఒకటి రెండు చోట్ల కుదరకపోతే జారిపోతుంది. గుర్తుపట్టడం అని మనం పెద్ద మాట వాడుతున్నది ఇంత చిన్న పనికి. అందులో ఎరుక లేదు, జ్ఞాపకం లేదు. ఇమిడితే ఇమిడింది, లేకపోతే లేదు.

మరి నాగుపామునే ఎరగని గుర్రం ఒంట్లోకి ఆ విషానికి సరిగ్గా ఇమిడే ఆకారం ఎలా వచ్చింది? నా మట్టుకు నాకు జీవశాస్త్రంలో ఇంతకు మించిన ప్రశ్న లేదు. రక్తం గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ దీన్ని మరింత జటిలం చేశాడు. ప్రయోగశాలలో పుట్టిన, ప్రకృతిలో ఎన్నడూ లేని చిన్న చిన్న రసాయనాలను ప్రొటీన్లకు అతికించి కుందేళ్లకు ఎక్కిస్తే, వాటికి కూడా యాంటీబాడీలు వచ్చాయి. అదే రసాయనంలో ఒక చిన్న గుంపు బెంజీన్ వలయం మీద ఒక స్థానం పక్కకు జరిగితే ఆ తేడా కూడా పసిగట్టాయి. నిన్న మనిషి తయారుచేసిన పదార్థానికి కుందేలు ముందే సిద్ధపడి ఉంటుందని ఎవరు నమ్ముతారు? అందుకే యాంటిజెన్ వచ్చాకే దాన్ని చూసి యాంటీబాడీ రూపు దిద్దుకుంటుందని అప్పటి పెద్దలు అనుకున్నారు. 1940లో లైనస్ పాలింగ్ అంతటివాడు ఆ మాటే రాశాడు. యాంటీబాడీ గొలుసు యాంటిజెన్ మీద ఒదిగి మడతపడి ఆ ఆకారం తెచ్చుకుంటుందన్నాడు. మనిషి వచ్చాక కొలతలు తీసుకుని చొక్కా కుట్టే దర్జీ లాంటి పద్ధతి ఇది.

ఆ ఆలోచన ఎంత సహజంగా ఉన్నా నిజం అది కాదు. 1957లో మెల్‌బోర్న్‌లో మెక్‌ఫార్లేన్ బర్నెట్ చెప్పింది రెడీమేడ్ దుకాణం పద్ధతి. ఎవరొస్తారో తెలియదు, అయినా అన్ని కొలతల్లోనూ చొక్కాలు ముందే కుట్టి పెట్టి ఉన్నాయి. తెల్లకణాల్లో బి కణాలని ఒక రకం ఉంది, యాంటీబాడీలు తయారుచేసేవి అవే. ఒక్కో బి కణం ఒక్కో ఆకారాన్నే తయారుచేసి తన ఒంటి మీద పెట్టుకుని తిరుగుతుంటుంది. వచ్చిన యాంటిజెన్ ఎవరికి ఇమిడితే ఆ కణం వేలుగా, లక్షలుగా పెరుగుతుంది. మిగతావి అలాగే ఉండిపోతాయి, చాలావరకు ఏ పిలుపూ రాకుండానే చనిపోతాయి. ఏడాది తిరగకుండానే గస్ నోసల్, జాషువా లెడర్‌బర్గ్ ఎలుకల కణాలను ఒక్కొక్కటిగా విడదీసి, ఒక కణం ఒకే రకం యాంటీబాడీ చేస్తుందని చూపించారు. అన్ని కొలతలకు గుడ్డ ఎక్కడిదన్న ప్రశ్నకు 1976లో బాసెల్‌లో సుసుము తొనెగావా జవాబు పట్టుకున్నాడు. మనిషిలో యాంటీబాడీ పెద్ద గొలుసుకు ఒక రకం జన్యు ముక్కలు సుమారు 40, రెండో రకం 23, మూడో రకం 6 ఉంటాయి. ప్రతి బి కణం తలా ఒక్కటి ఏరుకుని కలిపి కుట్టుకుంటుంది, అతుకుల దగ్గర ఇష్టం వచ్చినట్టు అక్షరాలు చేరుస్తుంది, తీసేస్తుంది. చిన్న గొలుసుకూ ఇదే వరస. దానితో ఆకారాల సంఖ్యకు హద్దు లేకుండా పోతుంది.

గుర్రానికి నెలల తరబడి విషం ఎక్కించడం ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. మొదట దొరికిన చొక్కా సుమారుగా సరిపోతుంది. తర్వాత లింఫ్ గ్రంథుల్లో ఆ కణాలు తమ యాంటీబాడీ జన్యువును గుడ్డిగా మార్చుకుంటూ పోతాయి. చాలా మార్పులు చెడగొడతాయి. ఏదో ఒకటి పట్టు బిగిస్తుంది, అది మిగులుతుంది. మళ్లీ విషం, మళ్లీ మార్పులు, మళ్లీ ఏరివేత. ఇలా వడగట్టగా వడగట్టగా మిగిలిన పట్టే వయల్‌లోకి వస్తుంది.

బర్నెట్ సిద్ధాంతం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. రాబోయేదేమిటో ఏమీ తెలియకపోయినా దేనికైనా సిద్ధంగా ఉండటం సాధ్యమేనని జీవం కోట్ల ఏళ్ల కిందటే తేల్చుకుంది. ఇందులో వృథా అపారం. పనికొచ్చే ఒక్క కణం కోసం లక్షల కణాలు ఊరికే పుట్టి పోతాయి. ఆ వృథాయే లేకపోతే కొత్త రోగం వచ్చిన ప్రతిసారీ మనం అంతరించిపోవాల్సిందే.

దీనికి చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. గుడ్డిగా అన్ని ఆకారాలూ తయారుచేస్తే వాటిలో మన సొంత ఒంటికి ఇమిడేవి కూడా ఉంటాయి. ఎముక మజ్జలోనే అలాంటి కణాలను చాలావరకు శరీరం ఏరిపారేస్తుంది. మిగిలిన బి కణం కూడా సాధారణంగా సొంతంగా కదలదు, సహాయక టి కణం అనే మరో తెల్లకణం ఒప్పుకోవాలి. ఇన్ని అడ్డుగోడలున్నా కొన్ని దాటేస్తాయి.

దీన్ని నాకు కళ్లకు కట్టింది కనురెప్పలు. నాగుపాము కరిచిన మనిషికి మొదట కనురెప్పలు వాలిపోతాయి. బలవంతాన ఎత్తినా నిలవవు. తర్వాత మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి అందదు. నాగుపాము విషంలోని ఒక చిన్న ప్రొటీన్ కండరం మీద నరం సందేశం అందుకునే చోటుకు వెళ్లి అడ్డంగా కూర్చుంటుంది. ఇంకో రోగి ఉంటారు. పామూ లేదు, పొలమూ లేదు, సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోతాయి, అన్నం నమలలేక మధ్యలో ఆగిపోతారు. మయస్తీనియా గ్రావిస్. అక్కడ అదే చోటును పట్టుకున్నది రోగి సొంత యాంటీబాడీ. రెండింటికీ నియోస్టిగ్మిన్ ఇంజక్షను ఇస్తే రెప్పలు పైకి లేస్తాయి. 1973లో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రోమ్ విద్యుత్ ఈల్ చేప నుంచి సందేశం అందుకునే ఆ చోటును, అంటే గ్రాహకాన్ని, పాము విషపు ప్రొటీన్ సాయంతోనే శుద్ధి చేసి కుందేళ్లకు ఎక్కించారు. కుందేళ్లు దానికి యాంటీబాడీలు తయారుచేసుకున్నాయి, వాటితోనే కండరాలు పడిపోయి చతికిలబడ్డాయి.

పాము విషం, సొంత యాంటీబాడీ ఒకే చోటికి చేరి ఒకే రకం అనర్థం చేస్తాయని తెలిసినప్పటి నుంచి యాంటీబాడీలను కాపలా సైనికులని పిల్లలకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. సైనికుడికి శత్రువెవరో తెలుసు. యాంటీబాడీకి ఆకారం తప్ప మంచీ చెడూ తెలియవు. ఎవరిని పట్టుకోవచ్చు, ఎవరిని వదలాలి అన్న విచక్షణ చేతిలో లేదు, ఆ చేతిని పెరగనిచ్చే, ఆపే వ్యవస్థలో ఉంది.

ఆకారం ఒక్కటే తెలిసినది కాబట్టి ఆకారం కొంచెం మారినా చేయి జారుతుంది. కాల్మెట్ తన నాగుపాము సీరం పాములన్నిటికీ పనిచేస్తుందని ఆశపడ్డాడు. బ్రెజిల్‌లో వైటల్ బ్రెజిల్ అనే వైద్యుడు దాన్ని అక్కడి పాముల విషం మీద పరీక్షిస్తే పనిచేయలేదు. ఏ దేశపు పాముకు ఆ దేశపు విరుగుడే కావాలని ఆయన పట్టుబట్టాడు. 1901లో సావో పాలోలో పుట్టిన బుటాంటాన్ సంస్థ ఆయన చేతుల మీద నడిచిందే. మనకు ఈ పాఠం ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కార్తిక్ సునగర్ బృందం ఎన్నో ఏళ్లుగా చూపిస్తున్నది ఇదే. ఒకే జాతి పాము అయినా ప్రాంతాన్ని బట్టి విషం కూర్పు మారుతుంది. దక్షిణాది పాముల విషంతో చేసిన మందు రాజస్థాన్‌లోని సింధ్ కట్లపాము లాంటి వాటి మీద బలహీనంగా పనిచేస్తుంది. పశ్చిమ కనుమల్లోని హంప్‌నోస్డ్ పిట్ వైపర్‌కు ఈ నాలుగు పాముల మందు అక్కరకే రాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58,000 మంది అని అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. పోయేవాళ్లు ఎక్కువగా పల్లెవాళ్లు, పొలం పనివాళ్లు. ఒక్కో ప్రాంతానికి తగిన విరుగుడు తయారుచేసుకునే స్తోమత, శాస్త్రజ్ఞానం మనకున్నాయి. ఇంకా చేయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కట్లపాము ఇంకో హద్దు చూపిస్తుంది. కింద పడుకున్నవాళ్లను రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు. ఈలోగా విషం నరం చివర లోపలికి చేరి దాన్ని పాడుచేసేస్తుంది. యాంటీబాడీ రక్తంలోనూ కణాల మధ్య ద్రవంలోనూ తిరగగలదు. కణం గోడ దాటి లోపలికి పోలేదు. అప్పుడు ఎన్ని వయల్స్ ఎక్కించినా చెడిన నరం చివర తిరిగి రాదు, అది కొత్తగా పెరిగేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఊపిరి నిలపాలి. అందుకే పసర్లకు, మంత్రాలకు, తాడు బిగించి కట్టడానికి పోయే గంట ఎంత ఖరీదైనదో నేను ఎక్కడ మైకు దొరికినా చెబుతాను.

ఈ చేతులు అరువువి అన్న సంగతి వారం, రెండు వారాల తర్వాత బయటపడుతుంది. నయమై ఇంటికెళ్లిన మనిషి జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులతో మళ్లీ వస్తారు. సీరం సిక్‌నెస్. 1905లో వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్ దీన్ని వివరించారు. గుర్రం యాంటీబాడీ కూడా మన ఒంటికి పరాయి ప్రొటీనే. మన బి కణాల్లో ఏవో కొన్నింటికి దాని ఆకారం ఇమిడింది, అవి పెరిగాయి, యాంటీబాడీలు తయారుచేశాయి. ప్రాణం నిలబెట్టినదే ఇప్పుడు యాంటిజెన్ అయింది. అది మేలు చేసిందని మన ఒంటికి తెలిసే దారి లేదు. ఆ బాధ తగ్గే మందులున్నాయి, చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది కూడా. మనిషి యాంటీబాడీలనే ప్రయోగశాలలో తయారుచేస్తే ఈ బాధే ఉండదు. 2024లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ, బెంగళూరు బృందం కలిసి ప్రకటించిన అలాంటి ఒక యాంటీబాడీ నాగు, కట్లపాము, మాంబా జాతుల్లో ఉమ్మడిగా ఉండే ఒక విషపు ప్రొటీన్ కుటుంబాన్ని ఎలుకల్లో అడ్డుకుంది. పాములు ఎన్ని రకాలుగా విషం మార్చుకున్నా, మన కండరం మీది గ్రాహకానికి అతుక్కోవాలంటే కొంత భాగం మార్చుకోలేవు. ఆ మారని చోటును పట్టుకునే చేయి అది. ఇంకా ఆసుపత్రికి రాలేదు.

కీళ్లనొప్పులతో తిరిగొచ్చిన ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న చాలామంది నన్ను అడిగిందే.

"ఒకసారి విషం ఎక్కి దిగింది కదా డాక్టరు గారూ, ఇక మళ్లీ పాము ముట్టినా నాకేం కాదంటున్నారు మా ఊళ్లో, నిజమేనా?"

"కాదండీ. విషాన్ని పట్టుకోవడం నేర్చింది గుర్రం, మీ ఒళ్లు కాదు. మీకెక్కించిన చేతులు కొన్ని వారాలకు మించి ఉండవు. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన యాంటీబాడీలు కూడా నెలల్లో కరిగిపోతాయి, బిడ్డ తనవి తాను తయారుచేసుకోవాల్సిందే. ఒక్క కాటుతో మీ ఒళ్లు గుర్రమంత నేర్చుకోదు. పైగా ఈసారి గుర్రం మందుకు మీ ఒళ్లు త్వరగా తిరగబడవచ్చు. మళ్లీ కరిస్తే మళ్లీ రావాల్సిందే, మళ్లీ ఎక్కించాల్సిందే. వచ్చినప్పుడు ముందే ఒకసారి ఈ మందు ఎక్కించారని మాత్రం చెప్పండి."

ఆయన తల ఊపి, రాత్రి నీళ్లు కట్టడానికి పొలం వెళ్లక తప్పదు కాబట్టి మోకాళ్ల దాకా వచ్చే బూట్లు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. టార్చిలైటు కూడా తీసుకెళ్లమని, కింద పడుకోవద్దని, మంచం వేసుకుని దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోమని చెప్పి పంపాను.